ఇంటి దస్తావేజు చిరిగింది, లింకు దస్తావేజు కనబడడం లేదు: నకళ్లు తీసుకోవడం, అసలు కాగితాలను భద్రపరచడం ఎలా?

పెద్దమ్మాయి:
సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు ఈ ఏడాది మొదట్లో కాలం చేశారు. ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే, మేమున్న ఇంటి క్రయ దస్తావేజు ఒక గుడ్డసంచిలో నాలుగు మడతలుగా కనిపించింది. అది 1978లో రిజిస్టరైనది. ఇన్నేళ్లూ మడతలోనే ఉండిపోవడంతో నిలువు మడత, అడ్డ మడత కలిసిన చోట కాగితం చిరిగింది. చెక్కుబందీ, అంటే నాలుగు సరిహద్దుల వివరం, రాసింది సరిగ్గా అక్కడే కావడంతో తూర్పు సరిహద్దులో సగం అక్షరాలు పోయాయి. పై మూలన గుచ్చిన గుండుసూది తుప్పు పట్టి, ఆ మరక మూడు పేజీల దాకా దిగింది. ఇక మాకు అమ్మినవారికి ఆ స్థలం ఎలా సంక్రమించిందో తెలిపే 1961 నాటి దస్తావేజు, అంటే లింకు దస్తావేజు, ప్రస్తావన ఇందులో ఉంది కాని, ఆ కాగితం పెట్టెలో లేదు.

చిరిగిన దస్తావేజుకు చెల్లుబాటయ్యే నకలు దొరుకుతుందా? 1961 నాటి దస్తావేజు మా కుటుంబం పేరు మీద లేదు కనుక దాని నకలు అడిగే హక్కు మాకు ఉంటుందా? అసలు కాగితాన్ని ల్యామినేషన్ చేయించి బ్యాంకు లాకర్లో పెడదామని తమ్ముడు అంటున్నాడు, ఇంట్లో బీరువా ఉండగా బయట ఎందుకని అమ్మ అంటోంది. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

గ్రంథాలయ_సేవకురాలు:
మిగతా సంగతులు పెద్దలు చెబుతారు. నేను వెంటనే చెప్పవలసినది ఒక్కటే: దయచేసి ల్యామినేషన్ చేయించకండి. వేడికి కరిగి అతుక్కున్న ఆ ప్లాస్టిక్ పొరను తర్వాత కాగితానికి హాని కలగకుండా విడదీయడం దాదాపు అసాధ్యం. స్టాంపు కాగితంలోని నీటిగుర్తునూ ఒత్తుముద్రనూ వేలితో తడిమి, వెలుతురుకు ఎత్తి చూసి పరీక్షించే వీలు కూడా పోతుంది. చిరిగిన చోట సెల్లోటేపు కూడా అంటించవద్దు, దాని జిగురు కొన్నేళ్లకు పసుపు పచ్చగా మారి అక్షరాల్లోకి దిగిపోతుంది.

దస్తావేజు_లేఖరి:
పెద్దమ్మాయి గారూ, నేను చాలాకాలం దస్తావేజులు రాసే వృత్తిలో ఉన్నాను. మీ మొదటి రెండు ప్రశ్నలకూ ధైర్యంగా అవునని చెప్పవచ్చు.

రిజిస్ట్రేషన్ చట్టం, 1908 ప్రకారం స్థిరాస్తికి సంబంధించిన దస్తావేజు రిజిస్టరైనప్పుడు దాని పూర్తి పాఠాన్ని సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో ఒకటవ పుస్తకం అనే సంపుటంలోకి ఎక్కించిన తర్వాతే అసలు కాగితాన్ని మనకు తిరిగి ఇస్తారు. అదే చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత రుసుము చెల్లించిన ఎవరైనా ఈ ఒకటవ పుస్తకాన్ని పరిశీలించవచ్చు, అందులోని దస్తావేజుకు ధ్రువీకృత నకలు పొందవచ్చు. కార్యాలయంలో దీనినే సీసీ అంటారు. కాబట్టి 1961 నాటి దస్తావేజులో మీ నాన్నగారి పేరు లేకపోయినా మీకు అడ్డం ఏమీ లేదు. ఈ వెసులుబాటు అన్ని పుస్తకాలకూ ఉందనుకోకండి. వీలునామాలు ఎక్కించే మూడవ పుస్తకం నుంచి నకలు, రాసినవారు బతికున్నంత కాలం వారికీ వారి ఏజెంటుకూ మాత్రమే ఇస్తారు. స్థిరాస్తితో సంబంధం లేని ఇతర పత్రాలు ఉండే నాలుగవ పుస్తకం నుంచి, ఆ పత్రం రాసినవారికీ దాని కింద హక్కు పొందేవారికీ వారి ప్రతినిధులకూ మాత్రమే ఇస్తారు.

నకలు కోసం వెళ్లేటప్పుడు మూడు వివరాలు చేతిలో ఉండాలి: దస్తావేజు నంబరు, రిజిస్టరైన సంవత్సరం, రిజిస్టరు చేసిన కార్యాలయం పేరు. ఈ మూడూ మీ 1978 దస్తావేజు వెనుక వైపు ముద్రల్లో, రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ రాతలో ఉంటాయి, ఎన్నో సంపుటంలో ఏ పేజీల్లో ఎక్కించారో కూడా అక్కడే రాసి ఉంటుంది. 1961 దస్తావేజు నంబరు కోసం 1978 దాంట్లో హక్కు సంక్రమణ చెప్పే పేరాను భూతద్దం పెట్టి చదవండి. అక్కడ తేదీ మాత్రమే ఉంటే ఈసీకి, అంటే ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌కు, దరఖాస్తు చేయాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో చూడగలిగిన లావాదేవీలు సాధారణంగా 1983 నుంచే మొదలవుతాయి, అంతకు ముందువి కావాలంటే కార్యాలయంలో పాత సూచికలను చేతితో వెతకాలి. ఆ సూచికలు రెండు రకాలు, ఒకటి పేర్లను బట్టి, రెండవది ఆస్తిని బట్టి. ఇంటి నంబర్లు కాలక్రమంలో మారిపోతాయి కనుక దరఖాస్తులో పాత నంబరు, సర్వే నంబరు, నాలుగు సరిహద్దులు, అప్పటి గ్రామం పేరు అన్నీ రాయండి. అమ్మినవారి తండ్రి పేరు తెలిస్తే మరీ మంచిది.

చాలామంది తడబడే చోటు మరొకటి ఉంది. కార్యాలయాల పరిధులు ఈ అరవై ఏళ్లలో ఎన్నోసార్లు మారాయి. ఇప్పుడు మీ ఇల్లు ఒక కార్యాలయం పరిధిలో ఉన్నా, 1961లో అది మరొక దాని కింద ఉండి ఉండవచ్చు. నంబరు దొరకలేదనగానే దస్తావేజే లేదనుకుని వెనుదిరగకుండా, ఆ కాలంలో ఆ గ్రామం ఏ కార్యాలయం కిందకు వచ్చేదో అక్కడే అడిగి తెలుసుకోండి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో కార్డ్ పేరుతో కంప్యూటరీకరణ మొదలై అంచెలంచెలుగా విస్తరించింది. మీ రెండు దస్తావేజులూ అంతకు ముందువి కనుక అవి చేతిరాతతో సంపుటాల్లోకి ఎక్కినవే అయి ఉంటాయి. నకలు చేతికి రాగానే, కార్యాలయం మెట్లు దిగకముందే, మీ అసలు దస్తావేజుతో పేరు పేరునా, కొలత కొలతనా సరిచూసుకోండి. అధికారి సంతకం, ముద్ర ప్రతి పేజీ మీదా ఉన్నాయో లేదో చూడండి.

వకాల్తా:
లేఖరి గారు చెప్పిన దానికి న్యాయస్థానం వైపు నుంచి కొంత జోడిస్తాను. 57వ సెక్షన్ కింద అధికారి సంతకంతో, ముద్రతో ఇచ్చిన నకలును అసలు దస్తావేజులోని విషయాన్ని రుజువు చేయడానికి సాక్ష్యంగా స్వీకరిస్తారు. అయితే దస్తావేజులో ఏమి రాసి ఉందన్నది వేరు, దానిని ఫలానా వ్యక్తి నిజంగానే రాసి సంతకం చేశాడన్నది వేరు. వివాదం రెండవ దాని మీద వచ్చినప్పుడు నకలు ఒక్కటే సరిపోదు. అసలు పోయిందని, లేదా ఫలానా వారి వద్ద ఉండిపోయిందని ముందు చూపించి, ఆ తర్వాత మిగతా సాక్ష్యం ఇవ్వవలసి వస్తుంది.

ముప్పై ఏళ్లు దాటిన దస్తావేజుల విషయంలో మన సాక్ష్య చట్టం ఒక గొప్ప వెసులుబాటు ఇచ్చింది. పాత చట్టంలో 90వ సెక్షన్‌గా ఉన్న ఆ నియమం 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 92వ సెక్షన్‌గా కొనసాగుతోంది. అంత పాత కాగితం, ఉండవలసిన వారి దగ్గర నుంచే న్యాయస్థానం ముందుకు వస్తే, దానిపై సంతకాలూ చేతిరాతా ఎవరివని కనిపిస్తున్నాయో వారివేనని న్యాయస్థానం భావించవచ్చు. 1978లో సంతకం చేసినవారూ సాక్షులూ ఈనాటికి ఉంటారన్న నమ్మకం లేదు కనుక, ఈ భావన మీకు కొండంత అండ. కాని అది అసలు పత్రానికి వర్తించేదే తప్ప నకలుకు వర్తించేది కాదు. చిరిగినా సరే, మీ నాన్నగారి పెట్టెలోని ఆ కాగితానికి ఉన్న బలం కొత్తగా తెచ్చుకునే నకలుకు రాదని నేను పదే పదే చెప్పడానికి కారణం ఇదే. పోయిన అక్షరాలను కలంతో పూరించే ప్రయత్నం మాత్రం ఎవ్వరూ చేయకండి. దిద్దుబాటు మంచి మనసుతో చేసినదైనా, రేపు ఎదుటి పక్షం దానిని కూటసృష్టి (ఫోర్జరీ) అంటుంది.

ఈఎంఐ_ముగిసింది:
నా అనుభవం కూడా ఈ చర్చకు పనికి వస్తుందని రాస్తున్నాను. గృహ రుణం పూర్తిగా తీర్చి కాగితాల కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు క్రయ దస్తావేజు ఇచ్చారు, రెండు లింకు దస్తావేజుల్లో ఒకటి కనబడడం లేదన్నారు. రుణం తీసుకున్న రోజున కాగితాలన్నీ అప్పగించి తీసుకున్న జాబితాను జాగ్రత్తగా దాచాను కాబట్టి, మూడవ వరుసలో ఆ దస్తావేజు నంబరు, పేజీల సంఖ్య, 'అసలు' అన్న మాట, అధికారి పొట్టి సంతకం అన్నీ చూపించగలిగాను. ఆ కాగితం ముక్క లేకపోతే వాళ్లు ఇవ్వలేదనీ నేను ఇచ్చాననీ వాదనే మిగిలేది.

రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఇచ్చిన ఆదేశం ప్రకారం, వ్యక్తులు తీసుకున్న ఇలాంటి రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు పత్రాలన్నీ తిరిగి ఇవ్వాలి. ఆలస్యం రుణదాత వల్ల జరిగితే రోజుకు ₹5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. పత్రాలు పోయినా పాడైనా, నకళ్లు తెచ్చుకోవడానికి సాయపడి ఆ ఖర్చు కూడా రుణదాతే భరించాలి, అయితే అటువంటప్పుడు వారికి మరో 30 రోజుల గడువు ఉంటుంది. 2023 డిసెంబరు 1 నుంచి పత్రాలు విడుదల చేయవలసిన రుణాలకు ఇది వర్తిస్తుంది. నేను ఈ ఆదేశాన్ని ఉటంకిస్తూ లిఖితపూర్వకంగా అడిగిన తర్వాతే ధ్రువీకృత నకలు తెప్పించి, అసలు తమ దగ్గరే పోయిందని ఒప్పుకుంటూ ముద్ర వేసిన లేఖ కూడా ఇచ్చారు. ఆ లేఖను ఇప్పుడు నకలుతో పాటే ఉంచుతున్నాను.

మూడో_అంతస్తు:
మాది అపార్టుమెంటు. స్థలం తాలూకు పాత దస్తావేజుల అసళ్లు మాలో ఎవరి దగ్గరా లేవు, అందరికీ జిరాక్సు ప్రతులే ఇచ్చారు. అసలు అడిగే హక్కు మాకు లేదా?

వకాల్తా:
ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ ప్రకారం పూర్తి సొమ్ము ముట్టిన తర్వాత అమ్మినవారు తమ దగ్గరున్న హక్కు పత్రాలను కొన్నవారికి అప్పగించాలి. కాని ఆస్తిలో కొంత భాగం అమ్మినవారే ఉంచుకుంటే అసళ్లు వారి దగ్గరే ఉంచుకోవచ్చు. మొత్తం ఆస్తిని పలువురికి భాగాలుగా అమ్మితే, అందరికన్నా ఎక్కువ విలువైన భాగం కొన్నవారికి అసళ్లు చెందుతాయి. అసళ్లు ఉంచుకున్నవారు, మిగతావారు సహేతుకంగా కోరినప్పుడల్లా వాటిని చూపించాలి, అడిగినవారి ఖర్చుతో నకళ్లు ఇవ్వాలి. మీ సంఘం తరఫున ఆ పాత దస్తావేజులన్నింటికీ ఒక్కొక్క ధ్రువీకృత నకలు తీసుకుని సంఘం రికార్డులో పెట్టడం నా దృష్టిలో అన్నింటికన్నా సులువైన దారి. జిరాక్సు ప్రతి మీద నంబరు ఉంటుంది కనుక వెతుకులాట కూడా ఉండదు.

గ్రంథాలయ_సేవకురాలు:
ఇప్పుడు కాగితం సంగతి కొంత వివరంగా రాస్తాను. నేను పాత పత్రాల సంరక్షణ పనిలో ఉన్నాను, ఇటువంటి దస్తావేజులు చూసినప్పుడల్లా కాగితం కన్నా దానికి మనం చేసిన ఉపచారాలే ఎక్కువ నష్టం చేశాయనిపిస్తుంది.

ముందుగా గుండుసూదిని తీయాలి, అయితే లాగకూడదు. తుప్పు కాగితాన్ని పట్టుకుని ఉంటుంది. సూదికీ కాగితానికీ మధ్య పలుచని ప్లాస్టిక్ ముక్కను పైనా కిందా జొనిపి, కాగితాన్ని బల్లకు ఆనించి ఉంచి, సూదిని మెల్లగా జరపండి. మడతలను ఒక్కసారి వెనక్కి విరిచి చదును చేయవద్దు, ఇస్త్రీపెట్టె అసలే వద్దు. శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన సమానమైన బరువు ఉంచి కొన్ని రోజులు వదిలేస్తే చాలావరకు చదునవుతుంది. చిరుగును పలుచని జపాన్ కాగితంతో, గోధుమ పిండి గంజితో అతుకుతారు. అవసరమైతే నీటితో తిరిగి విప్పగలిగే పద్ధతి అది. తెలిసినవారి చేత చేయించండి, దొరక్కపోతే అతకకుండా అలాగే చదునుగా ఉంచండి.

ఆ తర్వాత మడత పెట్టకుండా, దస్తావేజు పూర్తి పొడవు పట్టే కవరులో ఉంచాలి. సిరా అంటుకునే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవరు కాని, ఆమ్లరహిత కాగితపు కవరు కాని మంచిది. ఆ కవరులో ఇతర కాగితాలు, రబ్బరు బ్యాండ్లు, క్లిప్పులు ఉండకూడదు. కలరా ఉండలూ వేపాకూ కాగితాల మధ్యన నేరుగా వేస్తే మరకలు పడతాయి. నేలకు ఆనుకున్న అరలో చెద, బయటి గోడకు ఆనుకున్న అరలో చెమ్మ తప్పవు కనుక బీరువాలో మధ్య అర ఎంచుకోండి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి, తీసి చూడండి.

పాత_బీరువా:
బీరువాలో పెట్టమంటున్నారు సరే, అగ్నిప్రమాదం జరిగితే? మామూలు ఇనుప బీరువా దొంగతనాన్ని కొంత ఆపుతుందేమో కాని మంటను ఆపదు. రేకు వేడెక్కితే లోపలి కాగితం తలుపు తెరవకుండానే నల్లబడిపోతుంది. మా కుటుంబం అసళ్లను లాకర్లో, నకళ్లను ఇంట్లో ఉంచుతోంది. లాకరు విషయంలో కూడా తెలుసుకోవలసినవి ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 2022 జనవరి 1 నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటి కారణాలతో నష్టం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. భూకంపం, వరద వంటి ప్రకృతి వైపరీత్యాలకు, బ్యాంకు నిర్లక్ష్యం లేనంతవరకు, ఆ బాధ్యత కూడా లేదు. అద్దె సక్రమంగా కడుతున్నా ఏడేళ్లపాటు లాకరు తెరవకుండా వదిలేసి, మన ఆచూకీ కూడా దొరక్కపోతే బ్యాంకు దానిని తెరిపించవచ్చు. నామినీ పేరు తప్పకుండా రాయించండి. మా పెద్దనాన్నగారి లాకరుకు నామినీ లేక, ఇంటి కాగితాలు కళ్లెదుటే ఉన్నా చేతికి రావడానికి ఏడాదికి పైగా పట్టింది.

డిజిటల్_ప్రతి:
స్కానింగు గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. ఖాళీగా కనిపించినా ప్రతి పేజీ వెనుక వైపు కూడా స్కాన్ చేయండి. స్టాంపు అమ్మినవారి వివరాలు, వరుస నంబరు, కొన్న తేదీ, రిజిస్ట్రేషన్ రాతలు ఉండేది అక్కడే. రంగుల్లో, 300 డీపీఐకి తగ్గకుండా చేసి, పీడీఎఫ్‌గా రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఫైలు పేరులోనే దస్తావేజు నంబరు, సంవత్సరం, కార్యాలయం ఉండేలా చూడండి. మీరు స్కాన్ చేసి డిజిలాకర్లో ఎక్కించుకున్నది మీ సొంత ప్రతి మాత్రమే, ప్రభుత్వ శాఖ నేరుగా జారీ చేసిన పత్రానికి ఉండే గుర్తింపు దానికి రాదు.

ఇంకొక ముఖ్యమైన హెచ్చరిక. 2001లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన సవరణ తర్వాతి దస్తావేజుల్లో ఇరుపక్షాల ఫోటోలు, వేలిముద్రలు ఉంటాయి, కొన్నింటిలో ఆధార్ నంబర్లు కూడా ఉంటాయి. అటువంటి ప్రతుల్లోని వేలిముద్రలతో అచ్చులు తయారు చేసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా ఇతరుల ఖాతాల్లోంచి సొమ్ము తీసిన ముఠాలను తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు పట్టుకున్నారు. అందుచేత దస్తావేజు స్కాన్‌ను కుటుంబ వాట్సాప్ బృందంలో వేయడం, మధ్యవర్తులందరికీ పంపడం మానుకోండి. పంపక తప్పకపోతే వేలిముద్రలూ ఆధార్ నంబరూ కనబడకుండా కప్పి పంపండి. మీ ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి.

పెద్దమ్మాయి:
సమాధానాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అయిదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. 1978 దస్తావేజు ధ్రువీకృత నకలు మొదటి ప్రయత్నంలోనే దొరికింది. మా కాగితంలో 'తూర్పు: రా' అన్నంతవరకే మిగిలి, తర్వాత చిరుగు ఉండేది. ఆ వైపు ఉన్న ఇంటివారి ఇంటిపేరు కూడా 'రా'తోనే మొదలవుతుంది కనుక, సరిహద్దు వారి స్థలమే అనుకుంటూ వచ్చాము. నకలులో 'రాజబాట' అని స్పష్టంగా ఉంది. కౌంటరు దగ్గర నిలబడి ఆ మాటను అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

1961 దస్తావేజుకు మాత్రం లేఖరి గారు చెప్పినట్టే జరిగింది. మా కార్యాలయం సూచికలో లేదు, పాత పరిధి ప్రకారం వేరే కార్యాలయానికి వెళ్లాక పేర్ల సూచికలో దొరికింది. అది క్రయ దస్తావేజు కాదు, అన్నదమ్ముల మధ్య భాగపరిష్కార దస్తావేజు. అందుకే అమ్మకాల్లో వెతికినప్పుడు తగల్లేదు. రెండు నకళ్లూ ఇంట్లో మధ్య అరలో ఉన్నాయి. అసలు దస్తావేజు, చదును చేసిన తర్వాత, అమ్మా నేనూ ఉమ్మడిగా తీసుకున్న లాకర్లోకి వెళ్లింది. నంబర్లన్నీ రాసిన ఒక కాగితం తమ్ముడి దగ్గర కూడా ఉంది.

చివరిగా ఒక సందేహం. అదే గుడ్డసంచిలో నాన్నగారు స్వదస్తూరీతో రాసిన వీలునామా కూడా ఉంది. ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి, రిజిస్ట్రేషన్ లేదు. దీనికి కూడా నకలు తీసుకోవచ్చా?

దస్తావేజు_లేఖరి:
రిజిస్టరు కాని కాగితానికి ఏ కార్యాలయంలోనూ రెండవ ప్రతి ఉండదమ్మా. ఇంటి దస్తావేజు పోయినా సంపుటంలో దాని పాఠం ఉంటుంది, ఇది పోతే ఇక ఎక్కడా లేనట్టే. మీ దగ్గరున్న అన్నింటిలోకీ ముందుగా భద్రపరచవలసినది ఇదే. అప్పట్లో పంచాయతీ ఇచ్చిన ప్లాను, పాత పన్ను రసీదులు ఉంటే అవి కూడా ఈ కోవలోకే వస్తాయి.

వకాల్తా:
లేఖరి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. దానికి రంధ్రాలు చేయకండి, కొత్తగా ఏమీ రాయకండి. రంగుల స్కాన్ తీసి, అసలును లాకర్లో వేరే కవరులో ఉంచండి. వీలునామాను రుజువు చేయడానికి సంతకం చేసిన సాక్షుల్లో కనీసం ఒకరి సాక్ష్యం అవసరమవుతుంది కనుక, ఆ ఇద్దరూ ఎక్కడున్నారో, వారి ప్రస్తుత చిరునామాలేమిటో ఈ వారమే కనుక్కొని రాసి పెట్టుకోండి. ఒకవేళ మీ అమ్మగారు కూడా వీలునామా రాయాలనుకుంటే, దానిని సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ వద్ద డిపాజిట్ చేసే వీలు రిజిస్ట్రేషన్ చట్టం 42వ సెక్షన్‌లో ఉంది. ఆ పని రాసినవారు స్వయంగా కాని, అధికారం పొందిన ఏజెంటు ద్వారా కాని చేయవచ్చు.

పెద్దమ్మాయి:
సాక్షుల్లో ఒకరు మా వీధిలోనే ఉన్నారు, రేపు ఉదయం అమ్మను తీసుకుని వెళుతున్నాను. రెండవవారు కొడుకు దగ్గరకు వెళ్లిపోయారని విన్నాను, ఆయన చిరునామా ఈయనకు తెలిసే ఉంటుంది.